బ్రాడీపేట ఆదివారం క్లాసు: విప్పిన ఎక్స్‌రే ట్యూబు ముందు కూర్చుని నేర్చుకున్న ఫిజిక్స్

గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద ఆదివారం పొద్దున్నే రేడియోగ్రఫీ పిల్లలకు ఎక్స్‌రే ఫిజిక్స్ క్లాసు జరుగుతుంది. కింద బోర్డు ఉండదు, పాంప్లెట్లు పంచరు. చెప్పేది ఎక్స్‌రే మెషీన్లు బాగుచేస్తూ కోస్తా జిల్లాలన్నీ తిరిగి రిటైరైన ఒక సర్వీస్ ఇంజనీరు. పేరు రాయొద్దన్నారు కాబట్టి సార్ అనే అంటాను. కోర్సు పది ఆదివారాలు, ఫీజు నాలుగు వేలు. డీఎంఐటీ (మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా), బీఎస్సీ ఇమేజింగ్ చదివే పిల్లలు వస్తారు, చదువైపోయి డ్యూటీలు చేస్తున్నవాళ్ళూ వస్తారు. నేను డీఎంఐటీ పూర్తిచేసి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాక వెళ్ళాను. మీది బైపీసీ అయి, ఫిజిక్స్ భయాన్ని వెంటేసుకునే ఈ లైన్లోకి వచ్చుంటే ఈ నాలుగు వేలు పెట్టండి. ఎందుకో వివరంగా రాస్తాను. నచ్చనివి కూడా ఉన్నాయి, అవీ రాస్తాను.

సార్ పాఠమంతా ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది. మెషీన్‌లో ఏ భాగం చేతికిచ్చినా "ఇది లేనప్పుడు ఏం చేసేవాళ్ళమ్మా?" అంటారు. ఎలక్ట్రాన్లను వదిలే వేడి తీగ, ఫిలమెంటు లేనప్పుడు? చెదిరిన కిరణాలను ఆపే గ్రిడ్డు లేనప్పుడు? ఎలక్ట్రాన్లు వచ్చి తగిలే తిరిగే డిస్కు, యానోడ్ లేనప్పుడు? జవాబు కోసం చరిత్రలోకి వెళ్ళాలి. ఆ భాగం వచ్చాక ఏం మారిందో చెప్పాలంటే ఫిజిక్స్‌లోకి రావాలి. మా కాలేజీలో ఇవి రెండూ వేర్వేరు. చరిత్ర రెండు మార్కుల ప్రశ్న, ఫిజిక్స్ పది మార్కుల ప్రశ్న. ఎక్స్‌రేలు కనబడిన రోజని నవంబర్ 8న కేక్ కోసి, ఫొటో దిగి, వాటిని కనిపెట్టిన రాంట్‌జెన్ పేరు తల్చుకుని వదిలేసేవాళ్ళం. ఆ రోజు ఆయన ఏం చూశాడు, చూశాక ఏం చేశాడు అన్నది ఎవరూ చెప్పలేదు.

మొదటి ఆదివారం మొత్తం దాని మీదే. 1895 నవంబర్ 8, శుక్రవారం సాయంత్రం, జర్మనీలోని వుర్జ్‌బర్గ్ యూనివర్సిటీ. గాలి చాలావరకు తీసేసిన గాజు గొట్టంలోకి ఎక్కువ వోల్టేజీతో కరెంటు పంపి కాథోడ్ కిరణాల మీద, అంటే ఎలక్ట్రాన్ల ధార మీద, ప్రయోగాలు చేస్తున్నాడు రాంట్‌జెన్. గొట్టం చుట్టూ నల్ల అట్ట కప్పి, గది చీకటి చేశాడు. గొట్టంలోంచి వెలుతురు బయటికి వచ్చే దారి లేదు. అయినా దూరంగా ఉన్న బేరియం ప్లాటినోసయనైడ్ పూసిన తెర మెరిసింది. కాథోడ్ కిరణాలు మామూలు గాలిలో కొన్ని సెంటీమీటర్లకు మించి పోవు, అది అప్పటికే తెలుసు. ఈ తెర రెండు మీటర్ల దూరం పెట్టినా మెరుస్తోంది. అంటే ఇది వేరే ఏదో.

ఇక్కడిదాకా ఏ యూట్యూబ్ వీడియోలోనైనా దొరుకుతుంది. ఆ తర్వాతి వారాలను సార్ చెప్పిన తీరు మాత్రం నేనెక్కడా వినలేదు. టేబుల్ మీద ఒక చెక్క ముక్క, ఒక లావుపాటి పుస్తకం, రబ్బరు షీటు, అల్యూమినియం రేకు, సీసం రేకు, ఒక అయస్కాంతం పెట్టారు. "రాంట్‌జెన్ మీరే అనుకోండి. కొత్త కిరణం కనబడింది. రేపు పొద్దున ఏం చేస్తారు?" అన్నారు. ఒక్కొక్కరం ఒక్కోటి చెప్పాం. అడ్డం పెట్టి చూస్తాం సార్. అయస్కాంతం పెట్టి వంగుతుందేమో చూస్తాం. ఫొటో ప్లేటు పెడతాం. పట్టకం పెట్టి వక్రీభవనం చూస్తాం. ఆయన బోర్డు మీద రాసుకుంటూ పోయారు. అంతా అయ్యాక చూస్తే అది మా కాలేజీ నోట్సులో "ప్రాపర్టీస్ ఆఫ్ ఎక్స్‌రేస్" కింద ఉన్న పది పాయింట్లే. రాంట్‌జెన్ ఆ వారాల్లో చేసిన పరీక్షలే అవి. వెయ్యి పేజీల పుస్తకం వెనక కూడా తెర మెరిసింది. ఒకటిన్నర మిల్లీమీటర్ల సీసం దాదాపు పూర్తిగా ఆపేసింది. అయస్కాంతానికి వంగలేదు. డిసెంబర్ 28న పేపరు సమర్పించాడు. ఏమిటో తెలియని కిరణం గనక ఎక్స్ అన్నాడు. నేను పరీక్ష ముందు రాత్రి బట్టీ కొట్టిన లిస్టు ఒక మనిషి ఏడు వారాల పని అని తెలిశాక ఆ పాయింట్లు ఇప్పటికీ వరస తప్పకుండా గుర్తున్నాయి.

అదే రోజు ఇంకో సంగతి చెప్పారు. 1890 ఫిబ్రవరిలో, అంటే రాంట్‌జెన్ కంటే దాదాపు ఆరేళ్ళ ముందు, ఫిలడెల్ఫియాలో గుడ్‌స్పీడ్, జెన్నింగ్స్ అనే ఇద్దరి ఫొటో ప్లేటు మీద అంతు తెలియని గుండ్రటి నీడలు పడ్డాయి. పక్కనే గొట్టం పనిచేస్తోంది. వాళ్ళు ప్లేటును పక్కన పడేశారు. రాంట్‌జెన్ వార్త వచ్చాక తీసి చూస్తే అది ఎక్స్‌రే! కనిపెట్టిన ఘనత తమదని వాళ్ళు కూడా అనలేదు. సార్ ఈ కథ చెప్పి, "మీ ఫిల్ము మీద తెలియని మచ్చ కనబడితే రిపీట్ కొట్టి వదిలేయకండి, అదేమిటో వెతకండి" అన్నారు. కసెట్‌లో దుమ్మా, ఐపీ ప్లేటు (ఫిల్ము బదులు వాడే ఇమేజింగ్ ప్లేటు) మీద గీతా, పేషంటు తాయెత్తా, జడపిన్నా. వెతకడం అలవాటైతే రిపీట్లు తగ్గుతాయి, పేషంటుకు డోసు తగ్గుతుంది. చరిత్రను డ్యూటీలోకి తెచ్చి పెట్టడం అంటే ఇదే, ఈ కోర్సులో నాకు బాగా నచ్చింది కూడా ఇదే.

రెండో ఆదివారం రాంట్‌జెన్ భార్య బెర్తా చెయ్యి. 1895 డిసెంబర్ 22న తీసిన ఆ ఫొటో అందరం చూసిందే. సార్ దాని పెద్ద ప్రింటు, పక్కనే ఈ రోజుల్లో తీసిన చేతి ఎక్స్‌రే (హ్యాండ్ పీఏ వ్యూ) గోడకు పెట్టి, తేడాలు మమ్మల్నే చెప్పమన్నారు. అంచులు చెదిరిపోయాయి, ఎందుకు? ఎక్స్‌పోజర్ పావుగంట, అంతసేపు చెయ్యి కదలకుండా ఉండదు. అదొక్కటేనా? రాంట్‌జెన్ గొట్టంలో ఎలక్ట్రాన్లు పోయి తగిలేది గాజు గోడకే. ఎక్స్‌రేలు ఆ గాజు మీద వెడల్పాటి మచ్చ నుంచి పుట్టేవి. మచ్చ పెద్దదైతే నీడ అంచు మసకబారుతుంది. ఫోకల్ స్పాట్ సైజు, పెనంబ్రా అని మేం విడిగా చదివిన పాఠం అది. 1896లోనే లండన్‌లో హెర్బర్ట్ జాక్సన్ గొట్టంలో గుంటగా ఉన్న కాథోడ్ (ఎలక్ట్రాన్లు బయల్దేరే కొస) పెట్టి, ఎలక్ట్రాన్లను ఒక లోహపు రేకు మీద ఒక్కచోటికి చేర్చాక నీడలు తేటపడ్డాయి. ఇక ఆమె వేలికున్న ఉంగరం చూపించి అటామిక్ నంబర్ పాఠం ఎత్తుకున్నారు. కండకు సగటున ఏడున్నర లోపు, ఎముకకు పదమూడు పైన, బంగారానికి 79. ఫొటోఎలక్ట్రిక్ శోషణ దాదాపు అటామిక్ నంబర్ ఘనం కొద్దీ పెరుగుతుంది, ఫోటాన్ శక్తి ఘనం కొద్దీ తగ్గుతుంది. కండకీ ఎముకకీ సంఖ్యలో తేడా రెట్టింపు లోపే, ఘనం చేస్తే ఆరు రెట్ల పైమాట. చెయ్యి ఎక్స్‌రేకి 50 కేవీపీ (ట్యూబుకిచ్చే గరిష్ఠ వోల్టేజీ, కిలోవోల్టుల్లో) పెడితే ఎముక అంత తెల్లగా ఎందుకు వస్తుందో, 90 పెడితే ఎందుకు బూడిదరంగు అవుతుందో ఆ ఒక్క లెక్కతో తేలిపోయింది. బేరియం 56, అయోడిన్ 53. కాంట్రాస్ట్ మందులుగా అవే ఎందుకన్నది వేరే చెప్పక్కర్లేకపోయింది.

ఇక ట్యూబు. ఆయన దగ్గర విప్పిన రొటేటింగ్ యానోడ్ ట్యూబు ఉంది. ఏదో ఆసుపత్రిలో కాలిపోయి తీసేసింది. లోపల వ్యాక్యూమ్ ఉంటుంది, ఊరికే పగలగొడితే గాజు పేలి ముక్కలు మీదికొస్తాయి. ముందు జాగ్రత్తగా గాలి ఎక్కించి, తర్వాత కోశారట. ఇంటి దగ్గర ఎవరూ ప్రయత్నించొద్దని నాలుగుసార్లు చెప్పారు. డిస్కు అరచెయ్యంత ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే చూపుకు అనిపించిన దానికంటే చాలా బరువు. అంచు ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఆ ఏటవాలు మీద చుట్టూ ఒక బూడిదరంగు పట్టీ. అదే ఫోకల్ ట్రాక్. మధ్యలో నున్నగా ఉన్న డిస్కు మీద గోరు పెట్టి బయటికి జరుపుతూ వస్తే ఆ పట్టీ దగ్గర గరగరమని తగులుతుంది. సన్నటి పగుళ్ళు. వేల ఎక్స్‌పోజర్ల వేడికి కరిగి, గట్టిపడి, చిట్లిన టంగ్‌స్టన్ అది. దాని కరిగే ఉష్ణోగ్రత 3,400 డిగ్రీల సెల్సియస్ పైన! ఎలక్ట్రాన్లు తెచ్చిన శక్తిలో ఎక్స్‌రే అయ్యేది ఒక్క శాతం, మిగిలిన 99 శాతం వేడే అని మేం రాసిన వాక్యం గోటికి తగిలింది.

గాజు లోపలివైపు నల్లటి అద్దంలా మెరుస్తోంది. ఫిలమెంటు నుంచీ డిస్కు నుంచీ ఆవిరైన టంగ్‌స్టన్ అక్కడ పేరుకుంది. ఆ పూత ఎక్కువయ్యేకొద్దీ అవుట్‌పుట్ తగ్గుతుంది, లోపల స్పార్క్ కొట్టే ప్రమాదం పెరుగుతుంది. కాథోడ్ వైపు ఫోకసింగ్ కప్పులో రెండు ఫిలమెంట్లు, చిన్న ఫోకస్‌కి ఒకటి, పెద్ద ఫోకస్‌కి ఒకటి. పెద్దది తెగి ఉంది. "ఇదెందుకు తెగింది?" అని అడిగి, జవాబు ఆయనే చెప్పారు. ఎక్స్‌పోజర్ స్విచ్‌కి రెండు మెట్లుంటాయి కదా. మొదటి మెట్టు నొక్కగానే ఘుమ్మని శబ్దం వస్తుంది, రోటర్ తిరగడం మొదలవుతుంది, ఫిలమెంటు పూర్తి వేడికి వెళ్తుంది. చాలాచోట్ల రోజూ చూసేది ఏమిటంటే, ఆ మొదటి మెట్టు నొక్కి పట్టుకునే "గాలి పీల్చండి, ఇంకా పీల్చండి, ఆపండి" అని పేషంటుకు చెబుతుంటారు. అంతసేపూ ఫిలమెంటు ఆవిరవుతూనే ఉంటుంది, బేరింగులు అరుగుతూనే ఉంటాయి. ఆ బేరింగులకు నూనె పెట్టడానికి లేదు, వ్యాక్యూమ్ పాడైపోతుంది. వెండి పూతే వాటికి కందెన. ముందు పేషంటుకు చెప్పి, ఒకసారి చేయించి, అప్పుడు నొక్కాలి. ఇంత చిన్న విషయానికి ఇంత ఖరీదైన ట్యూబు ఆయుష్షు ముడిపడి ఉందని రెండేళ్ళ కోర్సులో ఒక్కరూ చెప్పలేదంటే బాధగానే ఉంది. ఇంకో డిస్కు కూడా చూపించారు, అడ్డంగా చీలినది. రాత్రంతా చల్లబడిన యానోడ్ మీద పొద్దున్నే భారీ ఎక్స్‌పోజర్ కొడితే అలా అవుతుంది. వార్మప్ ఎందుకో ఇక ఎవరూ అడగలేదు.

"ఇది లేనప్పుడు" అన్న ప్రశ్న బాగా పండింది కూడా ఈ ట్యూబు దగ్గరే. వేడి ఫిలమెంటు లేని రోజుల్లో గొట్టంలో మిగిలిన కాస్త వాయువే ఆధారం. ఆ వాయువు అయాన్లు కాథోడ్‌ని కొడితేనే ఎలక్ట్రాన్లు వచ్చేవి. వాడేకొద్దీ వాయువు తగ్గిపోయి గొట్టం గుణం మారిపోయేది. నిన్న వచ్చిన ఫిల్ము ఇవాళ రాదు. ఎలక్ట్రాన్ల సంఖ్యా, వాటి శక్తీ ఒకదానికొకటి ముడిపడి ఉండేవి, విడిగా మార్చే వీల్లేదు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసే విలియం కూలిడ్జ్ టంగ్‌స్టన్‌ను తీగగా సాగదీసే పద్ధతి కనిపెట్టి, 1913లో వేడి ఫిలమెంటు ట్యూబు తయారుచేశాడు. ఫిలమెంటు వేడి పెంచితే ఎలక్ట్రాన్లు పెరుగుతాయి, వోల్టేజీ పెంచితే వాటి వేగం పెరుగుతుంది, దేని దారి దానిదే. మన కన్సోల్ మీద కేవీపీకి ఒక బటను, ఎంఏఎస్‌కి (ట్యూబు కరెంటును టైముతో గుణిస్తే వచ్చేది) ఒక బటను విడివిడిగా ఉన్నాయంటే ఆ ట్యూబు పుణ్యమే. ఇది విన్న రోజు నుంచి ఆ రెండు బటన్లూ నాకు వేరుగా కనబడుతున్నాయి. అంతకుముందు టెక్నిక్ చార్టులో పక్కపక్కనున్న రెండు అంకెలు, అంతే.

ఆ రెండింటి మీద ఒక పూర్తి ఆదివారం. 80 కేవీ దగ్గర ఎలక్ట్రాన్ కాంతి వేగంలో సగంతో దూసుకొచ్చి టంగ్‌స్టన్‌ను తాకుతుంది. కేంద్రకం దగ్గరగా పోతూ దారి మళ్ళి వేగం కోల్పోతే, ఆ కోల్పోయిన శక్తి ఎక్స్‌రేగా బయటికొస్తుంది. అది బ్రెమ్స్‌స్ట్రాలంగ్. బస్సు ఒక్కో స్టాపు దగ్గర ఒక్కోలా బ్రేకు వేసినట్టు, ఎలక్ట్రాన్ ఎంత దగ్గరగా పోతే అంత నష్టం. అందుకే శక్తులన్నీ కలగలిసి వస్తాయి. టంగ్‌స్టన్ పరమాణువులో అన్నిటికంటే లోపలి కె కక్ష్యలోని ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టాలంటే 69.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, ఆ ఖాళీ పై కక్ష్యల నుంచి నిండేటప్పుడు వచ్చేవే క్యారెక్టరిస్టిక్ కిరణాలు. అందుకే 65 కేవీపీలో టంగ్‌స్టన్ కె క్యారెక్టరిస్టిక్ కిరణాలు రావు, 75లో వస్తాయి. క్యారెక్టరిస్టిక్ కిరణాలు కనిపెట్టినందుకు బార్‌క్లాకు 1917 నోబెల్ వచ్చిందని ఒక్క మాటలో చెప్పి ముందుకెళ్ళిపోయారు.

తర్వాత 15 శాతం సూత్రం. కేవీపీ 15 శాతం పెంచితే ఎంఏఎస్ రెట్టింపు చేసినంత పని జరుగుతుంది. మా ఆసుపత్రి వార్డు పోర్టబుల్‌లో ఎంఏ పెంచే వీలుండదు, టైము పెంచితే ఆయాసపడే పేషంటు ఊపిరి ఆపలేడు, చెస్ట్ ఎక్స్‌రే షేక్ అవుతుంది. ఎంఏఎస్ సగం చేసి, కేవీపీ 60 నుంచి 69కి తీసుకెళ్ళడం అలాంటప్పుడే ఉపయోగపడుతుంది. కాంట్రాస్ట్ కొంచెం పోతుంది, కదలిక పోతుంది, పేషంటుకు డోసు కూడా తగ్గుతుంది. క్లాసు అయిన వారంలోనే డ్యూటీలో చేసి చూశాను, రేడియాలజిస్టు గారు ఫిల్ము వెనక్కి పంపలేదు.

హీల్ ఎఫెక్ట్‌ను టార్చిలైటు, స్కేలుతో చూపించారు. యానోడ్ ఏటవాలులోంచి బయటికొచ్చే కిరణాల్లో యానోడ్ వైపు వెళ్ళేవి టంగ్‌స్టన్‌లోనే ఎక్కువ దూరం నడవాలి కాబట్టి అటు బలహీనపడతాయి. లావుగా ఉన్న భాగాన్ని కాథోడ్ వైపు పెట్టాలి. తొడ ఎక్స్‌రేలో తుంటి కాథోడ్ వైపు, మోకాలు యానోడ్ వైపు. సోమవారం డ్యూటీకి వెళ్ళగానే మా ట్యూబు హౌసింగ్ మీద ప్లస్, మైనస్ గుర్తులు ఎటున్నాయో వెతికాను. మీరూ వెతకండి, చాలామందికి తెలియదు.

గ్రిడ్డు పాఠానికి పాత గ్రిడ్డు అంచు కోసి సీసం పట్టీలు కనబడేలా పెట్టారు. గుస్టావ్ బకీ దీన్ని 1913లో తెచ్చాడు, హాలిస్ పాటర్ దాన్ని కదిలేలా చేసి ఫిల్ము మీద గీతలు పడకుండా చేశాడు. చెదిరే కిరణాల శక్తి ఎలా తగ్గుతుందో కాంప్టన్ లెక్కకట్టింది 1923లో. అంటే జబ్బు ఏమిటో పూర్తిగా తెలియకముందే మందు వచ్చింది. ఫోకస్డ్ గ్రిడ్డు తలకిందులుగా పెడితే ఫిల్ములో మధ్య పట్టీ మాత్రమే పడి, రెండు పక్కలా తెల్లగా ఎందుకు పోతుందో ఆ వాలు పట్టీలను చూస్తే చిన్న పిల్లలకైనా తెలుస్తుంది.

ఎనిమిదో ఆదివారం గురించి రాయడానికి కష్టంగా ఉంది, కానీ ఈ కోర్సులో అన్నిటికంటే విలువైనది అదే. ఆ పాత గొట్టాల గుణం రోజుకోలా మారేదని చెప్పాను కదా. ఇవాళ గొట్టం ఎలా ఉందో తెలుసుకోవడానికి ఆపరేటర్లు తెర ముందు తమ చెయ్యే పెట్టి చూసుకునేవాళ్ళు. రోజూ, పేషంటు పేషంటుకూ. బర్మింగ్‌హామ్‌లో జాన్ హాల్ ఎడ్వర్డ్స్ అనే డాక్టరు 1896 జనవరిలోనే చేతిలో గుచ్చుకున్న సూదిని ఎక్స్‌రే తీసి చూపించినవాడు. 1908లో ఆయన ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చింది. ఎడిసన్ దగ్గర గ్లాస్‌బ్లోయర్‌గా పనిచేసిన క్లారెన్స్ డాలీ రెండు చేతులూ పోగొట్టుకుని 1904లో చనిపోయాడు. ఎడిసన్ ఆ తర్వాత ఎక్స్‌రేల జోలికి పోలేదు. సార్ వీళ్ళ గురించి చెప్పేటప్పుడు గొంతు పెంచలేదు, భయపెట్టలేదు. పేరు, ఊరు, చేసిన పని, పోయిన వేలు అని ఒక్కొక్కరి గురించీ చెప్పుకుంటూ పోయారు. వాళ్ళు నిర్లక్ష్యం చేసినవాళ్ళు కాదు, కొలిచే పరికరం లేక తమ చేతినే పరికరం చేసుకున్నవాళ్ళు. ఇప్పుడు కొలత మన ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జిగా ఉంది.

ఆ బ్యాడ్జి కూడా విప్పి చూపించారు. లోపల మూడు డిస్కులు, డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్‌వి. రేడియేషన్ తగిలితే శక్తిని దాచుకుంటాయి, ల్యాబులో వేడి చేస్తే ఆ శక్తిని వెలుతురుగా వదులుతాయి, ఆ వెలుతురు కొలిచి డోసు చెబుతారు. ముందున్న ఫిల్టర్లను బట్టి ఏ రకం రేడియేషనో తెలుస్తుంది. సీసం ఏప్రాన్ లోపల, ఛాతీ దగ్గర పెట్టుకోవాలి. ఎక్స్‌రే రూములో గోడకున్న ఏప్రాన్‌కే తగిలించి ఇంటికి పోతే మూడు నెలల తర్వాత వచ్చే రిపోర్టు మనది కాదు, గోడది.

మా అమ్మకు నేను ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఒకటే దిగులు. పెళ్ళి కావాల్సిన పిల్ల, రేపు పిల్లలు పుట్టాలి, ఈ కిరణాల్లో పనేమిటని. చుట్టాలు కూడా అదే మాట. నేను "ఏం కాదులే అమ్మా" అనేదాన్ని తప్ప చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ఉంది. స్విచ్ వదిలితే ఎక్స్‌రే ఆగిపోతుంది, లైటు ఆర్పాక గదిలో వెలుతురు ఉండనట్టే రూములో ఏమీ మిగలదు. దేశంలో రేడియేషన్ భద్రత చూసే ఏఈఆర్‌బీ మనకు పెట్టిన హద్దు ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (డోసుకు కొలమానం), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. భూమి నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి ప్రపంచంలో ఎవరికైనా సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు ఎలాగూ వస్తుంది. గర్భం వచ్చిందని తెలియజేశాక బిడ్డకు పెట్టిన హద్దు 1 మిల్లీసీవర్టు. దూరం రెట్టింపు చేస్తే డోసు నాలుగో వంతు. వార్డులో పోర్టబుల్ తీసేటప్పుడు పేషంటు నుంచి రెండు మీటర్లు జరిగి నిలబడటం అందుకే. నా టీఎల్‌డీ రిపోర్టు ఇంటికి తీసుకెళ్ళి, పక్కన ఈ అంకెలు రాసి అమ్మకు చూపించాను. దిగులు మొత్తం పోయిందని చెప్పను, కానీ ఇప్పుడు ఆమె అడిగేది "బ్యాడ్జి పెట్టుకున్నావా?" అని.

ఇక లోటుపాట్లు. మేరీ క్యూరీని పది నిమిషాల్లో ముగించేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆమె ఎక్స్‌రే మెషీన్లను వ్యాన్లలో పెట్టించి యుద్ధభూమికి తీసుకెళ్ళింది. ఈ పని కోసం సుమారు 150 మంది ఆడవాళ్ళకు ట్రైనింగ్ ఇచ్చింది. క్లాసులో సగం మంది ఆడపిల్లలం. దానికి ఒక గంట ఇవ్వాల్సింది, ఆయనకూ చెప్పాను. డిజిటల్ మరీ పలచన. సీఆర్ (ప్లేటును స్కానర్‌లో చదివేది), డీఆర్ (బొమ్మ నేరుగా కంప్యూటర్‌కి వచ్చేది) రెండూ కలిపి ఒక్క ఆదివారం. ఫిల్ము రోజుల్లో ఎక్స్‌పోజర్ ఎక్కువైతే నల్లగా వచ్చి తెలిసిపోయేది, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సరిచేసేస్తుంది కాబట్టి డోసు పెరిగినా బొమ్మలో కనబడదు, మెషీన్ చూపించే ఎక్స్‌పోజర్ ఇండెక్స్ అంకె చూసుకోవాలి. ఇంత ముఖ్యమైన విషయం ఆఖరి అరగంటలో పరుగెత్తించారు. సీటీ అయితే దాన్ని తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్ పేరు, 1971లో మొదటి పేషంటు స్కాన్, అంతే. ఆయన చెయ్యి తిరిగింది ట్యూబులు, ట్రాన్స్‌ఫార్మర్లలో, అది తెలుస్తూనే ఉంటుంది.

జిరాక్స్ నోట్సు బాగోలేదు. ఫొటోలున్న పేజీలన్నీ నల్లటి మచ్చలే. పాఠం తెలుగులో చెబుతారు, మన పరీక్ష ఇంగ్లిష్‌లో, కాబట్టి ఇంటికెళ్ళి సొంతంగా ఇంగ్లిష్‌లో రాసుకోవాలి. సప్లీ రాసేవాళ్ళు వారంలో పాసయ్యే ముఖ్యప్రశ్నల కోసం వస్తే నిరాశపడతారు, అవి ఇవ్వరు. పదకొండింటికి వదలాల్సిన క్లాసు ఒంటిగంట దాకా సాగుతుంది. పక్క ఊళ్ళ నుంచి బస్సులో వచ్చేవాళ్ళకు, హాస్టల్ పిల్లలకు ఇది ఇబ్బంది. ఎక్స్‌రే నిజంగా కొట్టి చూపించడం ఉండదు. లైసెన్సు లేని చోట అది చేయకూడదు, ఆయన చేయరు. నాకది లోటుగా అనిపించలేదు, కొందరు మాత్రం అడిగారు.

ఒక పెద్ద ఆన్‌లైన్ కోర్సు కూడా నేను ముందు కొన్నాను, దాదాపు ఇంతే ఖర్చు. యానిమేషన్లు చాలా బాగుంటాయి, ఎలక్ట్రాన్లు నీలంగా, ఫోటాన్లు పసుపుగా వస్తాయి. పరీక్షకు అది సరిపోతుంది. కానీ డ్యూటీలో ట్యూబు శబ్దం మారితే అదెందుకో ఊహించాలంటే ఈ మేడ మీద కూర్చోవాలి.

చేరాలనుకుంటే గుంటూరు ఆసుపత్రుల్లో సీనియర్ ఎక్స్‌రే టెక్నీషియన్లను ఎవరినడిగినా దారి చెబుతారు. బ్యాచికి పదిహేను మందికి మించి తీసుకోరు, ఆలస్యంగా వస్తే చివరి బెంచీ, అక్కడికి బోర్డు సరిగ్గా కనబడదు. గ్రాఫు నోటుబుక్కు, స్కేలు, క్యాలిక్యులేటర్ తీసుకెళ్ళండి. ఫీజు రెండు విడతల్లో కట్టొచ్చు. మధ్యలో ఒక వారం పోతే తర్వాతి బ్యాచిలో కూర్చోనిస్తారు, ట్యూబు విప్పే ఆదివారానికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఆ వారం నైట్ డ్యూటీ పడితే ముందే ఎవరితోనైనా మార్చుకోండి.